మాయపెట్ట

పచ్చడి జాడీ కోసం గ్యారేజీలోకి వెళ్ళి, ప్రాణం లేని కోడిపెట్టని అదిలించిన ఘనత నాది.

నవ్వకండి. అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో, మా తమ్ముడి ఇంట్లో జరిగిందీ ముచ్చట. ఏప్రిల్ నెల. అక్కడి ఇళ్ళల్లో కారుతోపాటు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, పాత సైకిళ్ళు అన్నీ గ్యారేజీలోనే కాపురం చేస్తాయి. లోపలికి అడుగు పెట్టానో లేదో, బియ్యం బస్తా పక్కన ఒక పెద్ద కోడిపెట్ట మెడ చాచి నాకేసి చూస్తోంది. గోధుమరంగు ఈకలు, ఈకల అంచుల్లో రాగి మెరుపు, గుండ్రటి నల్లకన్ను. బస్తాకి చిల్లి పెడుతుందేమోనని "హుష్! హుష్!" అన్నాను. కదల్లేదు. చెయ్యి విసిరాను. కదల్లేదు. "ఎంత పొగరే నీకు!" అంటూ మూలనున్న చీపురు అందుకున్నాను. వెనకనించి కిసుక్కున నవ్వు వినిపించింది.

"అత్తా, అది బొమ్మ!"

నవ్వింది మా మేనల్లుడు. పదిహేనేళ్ళవాడు. దగ్గరికెళ్ళి వేలితో తట్టి చూశాను. ప్లాస్టిక్కే! కానీ ఎంత పనితనమండీ! ఒక్కొక్క ఈకా విడివిడిగా కనిపిస్తోంది. కంట్లో తడి మెరుస్తున్నట్టే వుంది. పుట్టినరోజుకి వచ్చిన డబ్బులు దాచుకుని, నూరు డాలర్లకి పైగా పోసి కొనుక్కున్నాడట. మన కొండపల్లి వాళ్ళు చూస్తే ముక్కున వేలేసుకుంటారు.

"ఎందుకురా ఇది? షోకేసులో పెడతావా?" అన్నాను.

"వేటకి, అత్తా. దీన్ని చూసి పుంజు వస్తుంది. బాణంతో కొడతాం" అన్నాడు, స్కూలుకి బస్సులో వెడతాం అన్నంత మామూలుగా.

డిగ్రీ చదివి, నలభై దాటి, కళ్ళజోడు పెట్టుకున్న నేనే మోసపోయాను. ఇక జోడు కోసం వెతుక్కుంటున్న పుంజు సంగతి చెప్పాలా? ఆ పూట ఆవకాయ కలుపుకున్నానే గాని ముద్ద దిగలేదు. అప్పటినించీ ఈ విషయం నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే వుంది. ఈ వ్యాసం ఆ ముల్లు తీసుకునే ప్రయత్నం.

టర్కీ కోడి మనకి బొత్తిగా తెలియనిది కాదు. మన దగ్గరా ఫారాల్లో పెంచుతున్నారు. అసలు దాని పేరే ఒక తమాషా. పుట్టిల్లు అమెరికా ఖండం. ఇంగ్లీషువాళ్ళు టర్కీ దేశం పేరు తగిలించారు. ఆ టర్కీ దేశంలోనేమో దాన్ని 'హిందీ' అంటారు, ఇండియానించి వచ్చిందనుకుని! ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరులోనూ ఇండియానే వుంది. అడ్రసు సరిగ్గా రాయని వుత్తరంలా పాపం దేశాలన్నీ తిరిగింది.

అయితే ఫారాల్లో లావెక్కి నడవలేని తెల్ల టర్కీ వేరు, అమెరికా అడవుల్లో తిరిగే టర్కీ వేరు. అడవి టర్కీ గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. అంత వొళ్ళు పెట్టుకుని ఎగరగలదు కూడా. రాత్రిళ్ళు చెట్టెక్కి పడుకుంటుంది. వాసన దానికి పెద్దగా తెలియదు గాని, చూపు మాత్రం అసాధ్యం. రంగులు చూస్తుంది. తల కాస్త తిప్పితే చాలు, చుట్టూ వున్న లోకమంతా కనిపిస్తుంది. ఆ చూపే దాని ఆస్తి, ఆయుధం, ఇన్సూరెన్సు పాలసీ.

బాణంతో వేటాడేవాడికి వచ్చిన చిక్కంతా ఆ చూపుతోనే. తుపాకీవాడు నలభై గజాల దూరాన్నించి పేలుస్తాడు. విల్లు పట్టినవాడికి అది ఇరవై గజాల లోపుకి రావాలి. వచ్చాక అల్లెతాడు వెనక్కి లాగాలి. ఆ చెయ్యి కదిలిందో, పిట్ట మాయం! అందుకని గుడ్డ గుడారంలో దాక్కుంటారు. గుడారం ఎదుట పది గజాల్లో ఈ బొమ్మని నిలబెడతారు. పుంజు కళ్ళు బొమ్మ మీద వుంటాయి, వేటగాడి చేతులు తాడు మీద వుంటాయి.

వసంతంలో ఎక్కువగా వేటాడేది మగవాటినే. పెట్టలు గుడ్లు పెట్టి పొదిగే కాలం కదా! అంచేత మగవాడిని రప్పించడానికి ఆడబొమ్మ. ఈ బొమ్మలకి భంగిమల్ని బట్టి పేర్లున్నాయి. మేత మేసే పెట్ట, తలెత్తి చూసే పెట్ట, నేలకి వొదిగి కూర్చుని 'లొంగిపోయిన' పెట్ట. ఆ మూడో పేరు పదిహేనేళ్ళ కుర్రాడి నోట వింటే నాకు ఎలా వుండివుంటుందో, ఆడపిల్లల్ని కన్న మీకు చెప్పనక్కర్లేదు.

అంతటితో ఆగరు. ఆ పెట్ట పక్కనే ఏడాది వయసున్న కుర్ర పుంజు బొమ్మ ఒకటి పెడతారు. "నా రాజ్యంలో వీడెవడు?" అని పెద్ద పుంజుకి మండిపోవాలి గదా! పెద్ద పుంజు పోటీదారుణ్ణి ముఖాముఖీ ఎదుర్కొంటుందట. అందుకని కుర్ర పుంజు బొమ్మ ముఖాన్ని గుడారంవైపు తిప్పి పెడతారు. నిజం పుంజు దాని ఎదుటికి వచ్చి నిలబడితే, వేటగాడికి వీపు పెట్టినట్టే. విప్పిన తోక దాని కళ్ళకే అడ్డం. అప్పుడు తాడు లాగుతారు. కామం, మాత్సర్యం - అరిషడ్వర్గాల్లో రెండింటిని ప్లాస్టిక్కులో పోత పోసి అమ్ముతున్నారన్నమాట!

చూడకుండా తిట్టడం పద్ధతి కాదని, ఒక శనివారం తెల్లవారుజామున నేనూ వెళ్ళాను. మా మరదలు "వదినా, మీకెందుకు ఈ చలిలో!" అంటూనే స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగింది. తీసుకెళ్ళినాయన పక్కింటి పెద్దమనిషి. రిటైరైన బడిపంతులు. మంచివాడు. మా తమ్ముడికి జ్వరం వస్తే సూపు కాచి తెచ్చిచ్చిన మనిషి. ఆ రోజు బాణం ఆయనది. మావాడు పక్కన కూచుని నేర్చుకోవాలి. వాడి వంతు వచ్చే శనివారం.

ఆయన సంచీలోంచి తీసిన కుర్ర పుంజు బొమ్మని చూసి వులిక్కిపడ్డాను. వొళ్ళు ప్లాస్టిక్కు, తోక మాత్రం నిజమైన ఈకలు! "కిందటేడు కొట్టిన పుంజు తోక. నిజం ఈకలైతే ఎండలో మెరుపు బాగా వస్తుంది" అన్నాడు గర్వంగా. చచ్చినదాని తోక, బతికున్నదానికి వుచ్చు. నేనేమీ మాట్లాడలేదు.

చీకట్లో కూర్చున్నాం. తూర్పున వెలుగు రేఖ పడీ పడకముందే దూరాన చెట్టు మీదనించి ఒక అరుపు. గొంతులో గులకరాళ్ళు దొర్లించినట్టు. ఈయన చెక్కపెట్టె ఒకటి తీసి మూత రాపిడి చేశాడు. అచ్చంగా పెట్ట పిలిచినట్టే వుంది. మళ్ళీ అరుపు, ఈసారి దగ్గరగా. అరగంట తరవాత వచ్చిందండీ పుంజు! ఛాతీ మీద జడలాంటి గెడ్డం వేలాడుతోంది. వొంటి మీద కంచు, రాగి, ఆకుపచ్చ పట్టుచీర అంచులన్నీ కలిపి కట్టుకున్నట్టు మెరుపు. తోక విప్పింది. రెక్కలు నేలకి జీరాడిస్తూ అడుగులో అడుగు వేసింది. తల ఒక క్షణం ఎర్రగా, ఒక క్షణం తెల్లగా, మరుక్షణం నీలంగా. వాళ్ళ జెండా రంగులే!

ఆ తలని చూసిన మా దేశపు చక్రవర్తి ఒకాయన నాకు గుర్తొచ్చాడు. 1612లో గోవానించి ముకర్రబ్ ఖాన్ తెచ్చిన వింత జంతువుల్లో ఈ టర్కీ కోడి వుంది. జహంగీరు దాన్ని చూసి, ఎర్రని పగడంలా వున్న తల కాసేపటికి దూదిలా తెల్లబడుతుందనీ, ఒక్కోసారి ఫిరోజా రాయి రంగుకి తిరుగుతుందనీ తన ఆత్మకథలో అబ్బురంగా రాసుకున్నాడు. వుస్తాద్ మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వుంది. జహంగీరేమీ అహింసావాది కాదు. తను చంపిన జంతువుల లెక్క రాయించుకుంటే పదిహేడు వేలు దాటిందట. అటువంటి వేటగాడు కూడా ఆ రంగులు చూసి, బొమ్మ గీయించాలనుకున్నాడు! బొమ్మ అనే ఒకే మాటకి ఎంత తేడా చూశారా!

పుంజు మాయపెట్ట దగ్గరకొచ్చి దాని చుట్టూ సగం తిరిగింది. తరవాత కుర్ర పుంజు బొమ్మని చూసి రెచ్చిపోయి ఎదురుగా నిలబడింది. సరిగ్గా వాళ్ళు గీసిన గీత మీదికి వచ్చింది. తాడు లాగిన చప్పుడు నాకు వినిపించింది, దానికి వినిపించలేదు. బాణం తగిలింది. కానీ తగలవలసిన చోట కాదు. టర్కీ కోడికి ప్రాణస్థానం నారింజపండంత. మిగిలిందంతా ఈకలూ ఆర్భాటమూ. పుంజు ఎగిరి కూలబడి, లేచి, ఒక రెక్క వేలాడేసుకుని పొదల్లోకి పోయింది.

రెండు గంటలు వెతికాం. ఆకుల మీద నెత్తుటి చుక్కలు కొంతదూరం కనిపించాయి, తరవాత అవీ లేవు. ఆ పెద్దమనిషి నిజంగా బాధపడ్డాడు. "ఇలా అప్పుడప్పుడూ జరుగుతుంది" అన్నాడు తల దించుకుని. మావాడి ముఖం పాలిపోయింది. తిరిగొచ్చేటప్పుడు రెండు బొమ్మలూ వాడి చేతుల్లోనే వున్నాయి. వాటికేం? చెక్కు చెదరలేదు.

ఇప్పుడు నా వాదన చెబుతాను. ముందు అవతలివాళ్ళ వాదన న్యాయంగా చెప్పడం ధర్మం.

వాళ్ళ మొదటి మాట: "మేమే లేకపోతే ఈ పక్షే లేదు." ఇందులో చాలా నిజముంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడవులు నరికి, అడ్డూ ఆపూ లేకుండా వేటాడి అడవి టర్కీల్ని తుడిచిపెట్టినంత పని చేశారు. మిస్సోరీలో 1952 నాటికి రెండున్నర వేలకన్నా తక్కువే మిగిలాయని అంచనా. 1937లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, వేట తుపాకుల మీదా తూటాల మీదా వచ్చే పన్నుని అడవి జంతువుల సంరక్షణకే కేటాయించింది. ఆ డబ్బుతోనూ, వేట లైసెన్సుల డబ్బుతోనూ, మిగిలిన పిట్టల్ని వలలు వేసి పట్టి, లేనిచోట్లకి తీసుకెళ్ళి వదిలారు. 1960లో మిస్సోరీలో మళ్ళీ వసంతకాలపు వేట మొదలుపెట్టగలిగారు. ఈనాడు అమెరికాలో అడవి టర్కీలు లక్షల సంఖ్యలో వున్నాయంటే వేటగాళ్ళ డబ్బూ, శ్రమా అందులో వున్నాయి. వొప్పుకుంటున్నాను, దణ్ణం పెడుతున్నాను. కానీ ఒక్కటడుగుతాను. బిడ్డని పెంచి పెద్దచేశాను కదా అని ఎలాగైనా కొట్టే హక్కు తల్లికుందా? పెంచిన చెయ్యి కాబట్టే మరింత జాగ్రత్తగా వుండాలి.

రెండో మాట: "మేం తుపాకీ పట్టలేదు, విల్లు పట్టాం. ఇది కష్టమైన విద్య, ధర్మమైన వేట." విల్లు అనగానే మీరు అర్జునుడి గాండీవం వూహించుకునేరు! ఈ కాలపు వేట విల్లుకి రెండు చివరలా కప్పీలుంటాయి. పూర్తిగా లాగాక బరువులో ముప్పాతిక వంతు ఆ కప్పీలే మోస్తాయి. చెయ్యి నొప్పెట్టకుండా తీరిగ్గా గురి చూసుకోవచ్చు. చీకట్లో కూడా మెరిసే గురిచుక్కలుంటాయి. పోనివ్వండి, అయినా తుపాకీకన్నా కష్టమే అంటారా? కష్టమైన ఆయుధం ఎన్నుకున్నది ఎవరు? మీరు. ఆ కష్టాన్ని భరించవలసింది ఎవరు? మీరే గదా! అటు విల్లు పట్టి వీరుడననిపించుకుని, ఇటు బొమ్మ పెట్టి ఆ కష్టాన్ని పిట్ట నెత్తిన రుద్దితే ఎలా? కాపీ కొట్టి పరీక్ష రాస్తూ, "నేను కష్టమైన సబ్జెక్టు తీసుకున్నాను, చూశావా!" అన్నట్టుంది.

మూడో మాట, అన్నిటికన్నా బలమైనది: "బొమ్మ వుంటే పిట్ట దగ్గరకొస్తుంది. దగ్గరకొస్తే బాణం సూటిగా తగులుతుంది. బాధ లేకుండా చస్తుంది. దయ తలచే బొమ్మ పెడుతున్నాం." ఈ మాట విని నేనూ కాసేపు ఆగిపోయాను. కానీ ఆ పొదల్లోకి పోయిన రెక్క నా కళ్ళ ముందునించి పోలేదు. పది గజాల్లో, బొమ్మ పెట్టి, గుడారంలో కూచుని, ఏళ్ళ అనుభవమున్నవాడు కొడితే జరిగిందది. దూరంనించి సూటిగా కొట్టలేనివాడు బాణం వెయ్యకుండా ఇంటికి రావాలి. కొట్టకుండా రావడం కూడా వేటలో భాగమే అని వాళ్ళ పెద్దలే పిల్లలకి నేర్పుతారట. అది దయ. నమ్మించి దగ్గరకి రప్పించి గొంతు కోయడానికి మన భాషలో వేరే మాటలున్నాయి.

"మరి పెట్ట గొంతుతో పిలవడం మోసం కాదా? ఆకుల రంగు బట్టలు కట్టుకోవడం మోసం కాదా?" అని మావాడే అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి నాకు ఒక రాత్రి పట్టింది. సహజంగా పుంజు అరిస్తే పెట్ట దాని దగ్గరకి వెడుతుంది. వేటగాడు పెట్టలా పిలిచినప్పుడు పుంజు కొంతదూరం వచ్చి ఆగిపోతుంది. "పిలుపు వినిపించింది, పిలిచిందేదీ?" అని చూస్తుంది. ఏమీ కనిపించకపోతే అనుమానపడి వెనక్కి పోతుంది. పాతకాలపు వేటగాళ్ళు ఎన్ని వుదయాలు ఆ అనుమానం దగ్గర వోడిపోయి వుత్తచేతులతో ఇంటికొచ్చారో! చెవిని మోసం చేసినా కంటికి ఒక అవకాశం మిగిలింది. అడవిలో అనుమానమే ఆయుర్దాయం. అచ్చుగుద్దినట్టుండే ఈ బొమ్మ చేసే పని ఆ చివరి అవకాశాన్ని తీసెయ్యడం. దాన్ని కాపాడవలసిన కన్నే దాని మీద సాక్ష్యం చెబుతుంది. బొమ్మ ఎంత నిజంగా వుంటే వేటగాడికి పిట్ట గురించి తెలియవలసింది అంత తగ్గుతుంది. ఓపిక అంగట్లో దొరుకుతుందన్నమాట, నూరు డాలర్లకి!

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో తన కూతురికి రాసిన వుత్తరంలో, గద్దకన్నా టర్కీ కోడే గౌరవమైన పక్షి అన్నాడు. కాస్త డాబుసరిదైనా ధైర్యం గలదనీ, ఎర్రకోటు వేసుకున్న సిపాయి తన పెరట్లోకి వస్తే మీద పడుతుందనీ మెచ్చుకున్నాడు. ఆ ధైర్యాన్నే కుర్ర పుంజు బొమ్మ పెట్టి వాడుకుంటున్నారు. పిరికిదైతే బతికిపోను!

నాలుగో మాట అన్నది మావాడే. "అత్తా, నిన్న రాత్రి పులావులో కోడి ఎన్నాళ్ళు బతికిందో తెలుసా? ఆరేడు వారాలు. ఆకాశం చూడకుండా చచ్చిపోయింది. ఆ పుంజు రెండేళ్ళు అడవిలో స్వేచ్ఛగా బతికింది."

ఇదీ బాణమంటే! సూటిగా తగిలింది. గురివింద గింజ తన నలుపెరగదన్నట్టు, పులావు రెండోసారి వడ్డించుకున్నది నేనే. దానికి నా దగ్గర గొప్ప సమాధానం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాను. "నా తప్పు చూపించావు, వొప్పుకుంటాను. కానీ నా తప్పు నీకు వొప్పు కాదురా. ఇంకోటి - కోడికూర తిన్నంతమాత్రాన నేను వీరనారినని ఫోటో తీయించుకోలేదు. మా వీధి చివర కోళ్ళ కొట్టువాడు కూడా కత్తి పట్టుకుని ఫోటో దిగి గోడకి తగిలించుకోడు. తిండికోసం చేసే హింసకి సిగ్గైనా వుంటుంది. దీనికి చప్పట్లు కొడుతున్నారు."

మన దేశంలో ఇటువంటివి లేవని నేను గొప్పలు పోవడం లేదు. వేటకి ఎరగా మచ్చిక చేసిన పిట్టనో లేడినో పాత నిఘంటువుల్లో 'దీమం' అన్నారు. మాటంటూ వుందంటే పనీ వున్నట్టేగా! కౌజు పిట్టని బుట్టలో పెట్టి అరిపించి, దాని జాతివాళ్ళని వలలో వేసుకునేవాళ్ళు మన పల్లెల చుట్టుపక్కలా వుండేవారు. కానీ వాళ్ళది ఆకలి. 1972 చట్టం వచ్చాక అదీ నేరమే. ఆకలితో పట్టినవాడిది నేరం, సరదాకి కొట్టినవాడిది క్రీడ అంటే, దేశాలు వేరైనా నా మనసు వొప్పుకోదు.

రామాయణంలో మాయలేడి సంగతి మనందరికీ తెలిసిందే. మారీచుడు నిజం లేడికన్నా అందంగా తయారై వచ్చాడు. దాన్ని చూసి మోసపోయింది విల్లు పట్టినవాళ్ళ కుటుంబం. యుగయుగాలుగా ఆ మోసాన్ని మనం తిడుతూనే వున్నాం. మరి విల్లు పట్టినవాడే మాయలేడిని పెడితే ఆయన్ని ఏమనాలి? మీరే చెప్పండి.

భారతంలో పాండురాజు కథ ఇంకా సూటిగా వర్తిస్తుంది. జంట కూడిన లేళ్ళని బాణాలతో కొట్టాడు. ఆ లేడి రూపంలో వున్నది కిందముడనే ముని. చనిపోతూ ఆయన ఏమన్నాడు? రాజులు లేళ్ళని వేటాడడం తప్పని అనలేదు. ఆ సమయంలో కొట్టావే, ఆ కాసేపు ఆగలేకపోయావా అన్నాడు. ఎంత పెద్ద మాటండీ! ఆకలి వేరు, వేట వేరు, జంటకోసం వచ్చినదాన్ని ఆ జంట పేరుతోనే చంపడం వేరు. వేల ఏళ్ళనాడు గీసిన గీత అది.

ఆ గీత వేటగాళ్ళ దేశంలో కూడా ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నట్టుంది. ఈ మధ్య అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అడవి టర్కీలు తగ్గుతున్నాయి. కారణాలు చాలా వున్నాయంటున్నారు. అలబామా రాష్ట్రం 2022లో వేట మొదలయ్యే తేదీని వెనక్కి జరిపింది, పక్షులు జతకూడే సమయం వుండాలని. ఆ సీజనులో మొదటి పది రోజులు బొమ్మలు పెట్టకూడదని కూడా నియమం చేసింది. బొమ్మ ఆటవస్తువే అయితే నియమం ఎందుకు? తుపాకీ పట్టి, విప్పిన తోకని ముఖానికి అడ్డం పెట్టుకుని పుంజు మీదికి పాకే ఇంకో పద్ధతి వుంది. దాన్ని ప్రభుత్వ భూముల్లో కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. ఎందుకో తెలుసా? ఆ తోక చూసి నిజం పుంజనుకుని ఇంకో వేటగాడు కాల్చే ప్రమాదముందట! పిట్టకోసం తవ్విన గోతిలో మనిషి పడబోతేగాని చట్టానికి మెలకువ రాలేదు.

నేను వేటంతా మానెయ్యమనడం లేదు. అనే అర్హత పులావు తిన్ననాడే పోయింది. నేనడిగేది చిన్న విషయం. బొమ్మని ఇంట్లో వుంచి వెళ్ళండి. పిలుపు నేర్చుకోండి, చెట్టు వెనక కూర్చోండి, దాని కంటికి ఒక్క అవకాశం వదలండి. అది అనుమానించి వెళ్ళిపోతే, గెలిచింది కాబట్టి వెళ్ళిపోనివ్వండి. అది మీకు కష్టమైతే, కష్టమైన విద్య అని చెప్పుకోవడమైనా మానండి.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన పిల్లలు ఇవాళ ఏ దేశంలో పెరుగుతున్నా, వీరత్వమంటే ఏమిటో మొదట నేర్చుకునేది ఇంట్లోనే. ఆడరూపం ఎరగా పెట్టి, అసూయ రేపి, వీపు తిప్పించి కొట్టడం నైపుణ్యమని పదిహేనేళ్ళకే నేర్చుకున్నవాడు, పాతికేళ్ళకి మనుషుల మధ్య ఏం చేస్తాడు? అందరూ అలా తయారవుతారని నేననను. పక్కింటి పెద్దమనిషే సాక్ష్యం, ఆయన బంగారంలాంటివాడు. కానీ మంచివాళ్ళు కూడా సిగ్గుపడకుండా చేసే పని అయిపోయిందే, అదీ నా బాధ.

తిరుగు ప్రయాణం ముందురోజు మావాణ్ణి పిలిచి ద్రోణుడి కథ చెప్పాను. "శిష్యుల్ని పరీక్షించడానికి చెట్టుమీద పిట్టని పెట్టాడు, అర్జునుడికి పిట్ట తప్ప ఏమీ కనిపించలేదు, అంతేగా? తెలుసు" అన్నాడు.

"అది ఎలాంటి పిట్టో తెలుసా?"

"పిట్టంటే పిట్టే."

"కాదు. శిల్పుల చేత చేయించిన బొమ్మ పిట్ట. అంతటి విలుకాళ్ళ గురువు, రాజకుమారుల గురి చూడడానికి ప్రాణమున్న పిట్టని పెట్టలేదు. బొమ్మనే పెట్టాడు, బొమ్మనే కొట్టించాడు. మీరు బొమ్మని పక్కన పెట్టి ప్రాణాన్ని కొడుతున్నారు. అంతటి అర్జునుడికి బొమ్మ సరిపోయింది గదరా, నీకు సరిపోదా?"

వాడు మాట్లాడలేదు. బూటు ముక్కుతో నేల గీకుతూ నిలబడ్డాడు. శనివారం వేటకి మాత్రం వెళ్ళలేదు. వాన పడిందని మా తమ్ముడన్నాడు. వానే కావచ్చు. నా వుపన్యాసం వల్లనని చెప్పుకునేంత వెర్రిదాన్ని కాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు పచ్చడి జాడీకోసం ఆ గ్యారేజీలోకి వెళ్ళకా తప్పదు, ఆ పెట్టని చూడకా తప్పదు. వొంటినిండా బాణాల చిల్లులతో వుంటే మాత్రం, చీపురు జోలికి పోకుండా దానికి చేతులెత్తి నమస్కరిస్తాను.